పద్నాలుగు అంగుళాలు

రే సంచి సర్దుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఉన్ని మేజోళ్ళు, మందపాటి బనియన్లు, గడ్డం గీసుకునే సామాను, కూతురి ఫోటో ఒకటి. ఒక్కొక్కటీ చుట్టచుట్టి కాన్వాసు సంచి అడుగుకంటా కూరుతున్నాడు. పదిహేనేళ్ళుగా ప్రతి మార్చి నెలాఖరుకీ చూస్తున్నదే. సరస్సుల మీద మంచు విరగగానే ఇనుప రాయి మోసే ఓడలు కదులుతాయి. ఓడలతోపాటు నా కొడుకూ కదులుతాడు. మళ్ళీ నీళ్ళు గడ్డకట్టాక, జనవరిలోనే ఇంటి మొహం చూడటం. ఇన్నేళ్ళకి నాకు అలవాటైపోవాలి. కాలేదు. వాడు స్నానానికి వెళ్ళిన సందు చూసి సంచి మొత్తం బయటికి తీసి, మేజోళ్ళు సరిపోతాయో లేదో చూసి, మధ్యలో ఒక రై రొట్టె, ఒక సాసేజ్ చుట్ట పెట్టి మళ్ళీ సర్దాను.

వాడు వచ్చి సంచి ఎత్తి బరువు చూసుకున్నాడు.

“అమ్మా, ఓడలో తిండి పెడతారు.”

“పెడతారులే. అది వాళ్ళు పెట్టే తిండి.”

నవ్వాడు. తరవాత మంచం అంచున కూర్చుని, పక్కగదిలో ఉన్న కోలీన్‌కి వినబడకుండా ఒక్క మాట అడిగాడు. రే ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు.

“ఈ ఒక్కటీ చూడమ్మా. నేను తిరిగొచ్చేదాకా దాన్ని ఆ బడి మాన్పించకు. ఏం జరిగినా సరే.”

చూస్తానన్నాను. అది 1985.

కోలీన్ నా మనవరాలు, అప్పటికి ఎనిమిదేళ్ళది. తల్లి షీలా పోయిననాటినుంచి నోరు విప్పలేదు. చెవుడు కాదు, మూగ కాదు, బుద్ధిమాంద్యం కాదు. అన్నీ అర్థమవుతాయి, చెప్పిన పని చేస్తుంది, మాట మాత్రం లేదు. ఎప్పుడో ఒకసారి మాట పైకి రాబోతే మొదటి అక్షరం దగ్గరే చిక్కుకుని, ముఖం ఎర్రబడి, మళ్ళీ లోపలికి పోయేది. అంతకుముందు వాళ్ళు పక్క ఊరు మిల్ హాలోలో అద్దెకుండేవాళ్ళు. అక్కడి బడికి మాట నేర్పే టీచర్ నెలకొకసారి వచ్చేది, ఆ నెలకొకసారి కూడా సగంసార్లు రాదు. అందుకే రే పిల్లని తెచ్చి నా దగ్గర పెట్టాడు. మా వెస్ట్ ఆర్డెన్‌లో, నేను పనిచేసే ఎల్మ్ రిడ్జ్ బడిలో, మాట నేర్పటానికి మిస్ లాత్రప్ రోజూ ఉంటుంది.

మిస్ ఇమోజీన్ లాత్రప్ నెబ్రాస్కా మనిషి. నలభై దాటి ఉంటాయి. తాటిచెట్టంత పొడుగు, ఏడాది పొడుగునా అదే గోధుమరంగు స్వెట్టరు. ఆమెకి ఇచ్చిన గది బాయిలర్ పక్కన కాగితాలు పేర్చుకునే కొట్టు. కిటికీ లేదు. రెండు కుర్చీలు వేస్తే నిండిపోయేది. నెలరోజులపాటు ఆ గదిలో కోలీన్ ఎదురుగా కూర్చుని తనూ మాట్లాడకుండా ఉందట. ఒక మధ్యాహ్నం వంటగదిలోకి వచ్చి, నేను ట్రేలు కడుగుతుంటే పక్కన నిలబడి, ఇంట్లో ఈ పిల్ల దేనికి చెవి పెడుతుందని అడిగింది.

ఓడల వరుసకి, అన్నాను.

క్లీవ్‌లాండ్ పేపర్లో లోపలి పేజీలో చిన్న అచ్చులో పడుతుంది, ఏ ఓడ ఏ పూట ఏ జలద్వారం దాటిందో. బడి నుంచి రాగానే నేను దాన్ని పైకి చదువుతాను. కోలీన్ కుర్చీ నా మోకాళ్ళ దగ్గరికి లాక్కుని వింటుంది. రే పనిచేసే ‘హర్మన్ ఆల్డెన్’ పేరు రాగానే తల ఊపి వెళ్ళిపోతుంది.

“రేపు ఆ ఒక్క పేరూ వదిలేసి చదవండి,” అంది మిస్ లాత్రప్.

నాకు ప్రాణం ఒప్పుకోలేదు. ఓడ పేరు చదవకపోతే ఓడకేమన్నా అవుతుందేమోనని నా భయం. అయినా మర్నాడు వదిలేశాను. కోలీన్ ఆగింది. నేను పేపరు మడిచాను. పేపరు నా చేతిలోంచి లాక్కుని, విప్పి, ఆ వరుస మీద వేలు పెట్టి నా మొహంలోకి చూసింది. నేను కళ్ళద్దాలు సరిచేసుకుంటున్నట్టు నటించాను. అప్పుడు, ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, “ఆ... ఆ... ఆల్డెన్,” అంది.

అదీ మొదటి మాట, పదహారు నెలల తరవాత. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను.

ఆ తరవాత ఇంట్లో నాలుగు మాటలు, ఆ కాగితాల కొట్టులో పది మాటలు వచ్చాయి. తరగతిలో ఇంకా లేదు. కొత్తవాళ్ళ ముందు అసలే లేదు. కానీ దారి తెరుచుకుంది. ఇక రే అడిగిన మాట ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు.

ఆ మాట నేనే కూలదోశాను.

చదువు ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. అచ్చులో ఉన్నది ఏదీ వదలలేరు. నన్ను పదకొండో ఏట బడి మాన్పించి తమ్ముళ్ళని చూసుకోమన్నారు. ముప్ఫై దాటాక, ఎల్మ్ రిడ్జ్ వంటగదిలో బఠాణీ పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ, పిల్లలు పారేసిన వాచకాలు ఇంటికి తెచ్చుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని వారపత్రిక వస్తే మొదటి పేజీ నుంచి చివర నోటీసుల దాకా పెన్సిలు పెట్టుకుని చదువుతాను. ఆ అక్టోబరులో స్కూలు బోర్డువాళ్ళు తమ డిస్ట్రిక్టు సరిహద్దు వివరం మొత్తం అచ్చువేశారు. ఆ గీతకి ఇవతలి పిల్లలు వెస్ట్ ఆర్డెన్ బడికి, అవతలివాళ్ళు మిల్ హాలో బడికి వెళ్ళాలి. పలానా వీధి మూల ఇనుప మేకు నుంచి తూర్పుగా నలభై ఒక్క అడుగులు, అక్కడినుంచి వాగు ఒడ్డు రాయి దాకా తిన్నగా. ఆ ఇనుప మేకు మా కంచె మూలలో ఉంది. వాగు మా పెరటి వెనక పారుతుంది.

పడుకున్నా నిద్రపట్టలేదు. పొద్దున్నే బట్టలారేసుకునే నూలు తాడు తీసి, నలభై ఒక్క అడుగుల దగ్గర ముడి వేసి, మేకు నుంచి లాగి చూశాను. అక్కడినుంచి వాగు వైపు చూస్తే గీత మా ఇంటి మధ్యలోంచి ఐమూలగా పోతోంది. వంటిల్లు, నా గది, కోలీన్ పడుకునే వెనక గది మిల్ హాలోలో ఉన్నాయి. వీధి గుమ్మం, ముందు గది మాత్రం వెస్ట్ ఆర్డెన్‌లో ఉన్నాయి. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను, ఎవరూ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఇంకొకరైతే పేపరు మడిచి పొయ్యిలో పెట్టేవారు. నాకు ఆ ధైర్యం లేదు. ఎవరో ఒకరు చదివే ఉంటారు, ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, దొంగతనంగా పిల్లని చదివిస్తున్నానంటారు, అప్పుడు నడి ఏడాదిలో చెయ్యి పట్టుకుని లాక్కుపోతారు. అంతకంటే ముందే చెప్పి, ఇదేమీ ఫరవాలేదని వాళ్ళ నోట అనిపించుకుంటే మనసు కుదుటపడుతుందనుకున్నాను. నోటీసు కత్తిరించి, ఇంటి బొమ్మ చక్కగా గీసి, మంచం ఎక్కడుందో కూడా గుర్తుపెట్టి, డిస్ట్రిక్టు ఆఫీసుకి వెళ్ళాను.

ఆఫీసులో మార్జ్ డీట్రిక్ ఉంటుంది. వాళ్ళ ముగ్గురు పిల్లలకీ నా చేత్తో అన్నం పెట్టాను. బొమ్మ చూసింది, నోటీసు చూసింది, నన్ను చూసింది.

“బెర్నీస్, ఇది నాకెందుకు చెప్పావు?”

“నోటీసులో ఉంది కదా.”

“నోటీసులు ఎవరు చదువుతారు?”

“నేను చదివాను.”

“నువ్వు చెప్పనంతవరకూ నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక తెలియనట్టు సంతకం పెట్టటానికి నాకు మనసొప్పదు,” అని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తరవాత మెల్లిగా నియమం చెప్పింది. ఇల్లు రెండు డిస్ట్రిక్టుల్లో పడితే పిల్ల ఎక్కడ పడుకుంటుందో చూస్తారట. మంచం ఏ డిస్ట్రిక్టులో ఉంటే బడి ఆ డిస్ట్రిక్టుదే.

గురువారం ఉత్తరం వచ్చింది. నివాసాలు తనిఖీచేసే మిస్టర్ ఫీనీ సోమవారం పొద్దున బడి బస్సు వేళకి ముందే వస్తారు. మంచం మిల్ హాలోలో ఉన్నట్టు తేలితే పై వారం నుంచి పిల్లని అక్కడి బడికి పంపవలసి ఉంటుంది.

మర్నాడు ఆ ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, సిగ్గేసింది. చేపల ట్రే పొయ్యిలో మరిచిపోయి మాడ్చేసేసరికి అందరికీ తెలిసిపోయింది. మాడు వాసనకి మొదట వచ్చింది ఆర్విల్ ప్రూయిట్. బడిలో బాయిలర్ నుంచి బల్ల కాలి మేకు దాకా అన్నీ చూసేది ఆర్విలే. కాఫీ కోసం అక్కడే ఉన్న డాట్ హేన్లన్ ఉత్తరం నా జేబులోంచి లాగి పైకి చదివింది. డాట్ మా వీధి బస్సు నడుపుతుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

“అంటే పోలీసువీ నువ్వే, దొంగవీ నువ్వే,” అంది డాట్. “బెర్నీస్, నిన్ను చర్చిలో పాపాలు ఒప్పుకోవటానికి పంపిస్తే పక్కవాళ్ళవి కూడా ఒప్పేసుకుని వస్తావు.”

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆర్విల్ మాత్రం ఉత్తరం రెండుసార్లు చదివి, మంచం ఏ కర్రది అని అడిగాడు. మేపుల్ అన్నాను. విడదీయవచ్చా అన్నాడు. వచ్చు అన్నాను.

“అయితే దీనికింత గోలెందుకు? వాళ్ళు చూసేది మంచం. ఇల్లు కదలదు గానీ మంచం కదులుతుందిగా.”

అది మోసం కాదా అని అడిగాను. ముందు గదిలో మంచం వేసి, ఆయన వెళ్ళిపోగానే మళ్ళీ వెనక్కి చేరిస్తే మోసమని, రేపటినుంచి పిల్ల నిజంగానే అక్కడ పడుకుంటే అందులో అబద్ధం ఎక్కడుందని డాట్ నన్ను కోప్పడింది. ఆ మాటతో నాకు కాస్త ఊపిరాడింది. అయితే ముందు గదిలో భోజనాల బల్ల ఉంది. పెళ్ళినాటి ఓక్ బల్ల, పన్నెండుమంది కూర్చోవచ్చు. అది ఉంటే మంచం పట్టదు. ఆ బల్ల ఎక్కడికి పోతుందన్నాను. ఎక్కడికైనా పోతుందన్నాడు ఆర్విల్.

శనివారం పొద్దున వాన. ఆర్విల్ పికప్ బండి మీద తార్పాలిన్ కప్పుకుని వచ్చాడు. వెనకే డాట్, వంటగది ఆడవాళ్ళు నలుగురు. ఒక్కొక్కరి చేతిలో ఒక గిన్నె, గిన్నెలో క్యాబేజీ చుట్టలో, నూడిల్సో. పెళ్ళివారు వచ్చినట్టుంది. ఆర్విల్ నా నూలు తాడు తీసుకుని వానలోనే మేకు నుంచి ముడి దాకా లాగి, ముందు గది నేల మీద సుద్దతో గీత గీశాడు. గీతకి ఇవతల, కిటికీ కిందున్న వేడి గొట్టానికీ వీధి తలుపు తెరుచుకునే జాగాకీ మధ్య మంచం సరిగ్గా ఒకే ఒక్క విధంగా పడుతుంది. నాలుగు వేళ్ళ జాగా కూడా మిగిలింది.

బల్ల గుమ్మంలోంచి రాలేదు. తలుపు ఊడదీశారు, అయినా రాలేదు. చివరికి కాళ్ళు విప్పి, పక్కకి వాల్చి, ఆరుగురు మోశారు. అది చర్చి నేలమాళిగకి వెళ్ళి, శుక్రవారం చేపల విందుల్లో వడ్డించుకునే బల్ల అయింది. అది పోతుంటే నాకేమనిపిస్తోందని ఎవరో అడిగారు. నిజం చెప్పాలంటే నాకేమీ అనిపించలేదు. నా కళ్ళు మంచం మీదున్నాయి.

మధ్యాహ్నానికి మిస్ లాత్రప్ గొడుగు లేకుండా నడుచుకుంటూ వచ్చింది. చంకలో ఒక మూట. విప్పితే తెర. వీధి తలుపు తీస్తే మంచమే ఎదురవుతుంది కాబట్టి, ఆడపిల్లకి చాటు కావాలని రాత్రంతా కూర్చుని కుట్టిందట. దాని మీద ఆమె స్వెట్టరు రంగు గుడ్డతోనే ఒక ఓడ అతికించి ఉంది. కోలీన్ ఆ ఓడని తడిమి, ఆమె చేతిని పట్టుకుంది. ఆమె ఏమీ అనలేదు, పిల్ల కూడా అనలేదు. వాళ్ళిద్దరికీ అది మామూలే.

సోమవారం ఆరున్నరకి మిస్టర్ ఫీనీ వచ్చారు. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పుల మనిషి. మెట్లెక్కటానికే ఆపసోపాలు పడ్డారు. నేనిచ్చిన కాఫీ తీసుకున్నారు, కేకు మాత్రం వద్దన్నారు. డాట్ బస్సు ఇంకా బయల్దేరే వేళ కాలేదని చెప్పి మా వసారాలో నిలబడింది. ఆర్విల్‌కి ఆ సమయంలో మా తలుపు బందులకి నూనె వేసే పని పడింది. ఫీనీ ఇద్దర్నీ ఒకసారి చూసి పనిలోకి దిగారు.

ఆయన దగ్గర ఉక్కు టేపుంది. మేకు దగ్గర కొక్కెం తగిలించి, తూర్పుగా కొలిచి, కర్ర పాతి, వాగు రాయి వైపు దారం లాగి, కిటికీలోంచి గది లోపలికి గురి చూశారు. తరవాత లోపలికి వచ్చి నేల మీద మోకరించటానికి చాలాసేపు తీసుకున్నారు. ఆర్విల్ సుద్ద గీత దగ్గర కాదు, ఇంకొంచెం ఇవతల పెన్సిలుతో గుర్తు పెట్టారు. మంచం కాళ్ళ వైపు చివర ఆ గుర్తు దాటి ఉంది. టేపు పెట్టి చూశారు.

“పద్నాలుగు అంగుళాలు,” అన్నారు.

ఆర్విల్ మొహం పాలిపోయింది. తడిసిన నూలు తాడు పొట్టిదవుతుందని అతనికి తెలియనిది కాదు, శనివారం తోచలేదు, అంతే. మంచం జరపటానికి జాగా లేదు. అటు వేడి గొట్టం, ఇటు తలుపు.

“నియమంలో తల అనుందా, కాళ్ళనుందా?” అంది డాట్ వసారాలోంచి.

“పడుకునే చోటు అనుందమ్మా. తలనీ కాళ్ళనీ విడదీయలేదు,” అన్నారు ఫీనీ. ఆయన గొంతులో కాఠిన్యం లేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. మంచివాళ్ళు నియమం చెప్పేటప్పుడు ఇక చేసేదేమీ ఉండదు. ఆయన కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. నా చెవుల్లో రే మాటే తిరుగుతోంది. బల్ల పోయింది, తలుపు ఊడింది, ఇంతమంది వానలో తడిశారు, నేను మొదట చేసిన పిచ్చిపని మాత్రం అలాగే నిలబడి ఉంది.

తెర కదిలింది. కోలీన్ అప్పటికే బడి బట్టలు వేసుకుని, జడలు వేయించుకుని ఉంది. మంచం ఎక్కింది, బూట్లతోనే. దిండు మీద తల పెట్టి, ఆయన వైపు తిరిగి పడుకుని, మోకాళ్ళు కడుపులోకి లాక్కుంది.

“నే...” అంది. ఆగింది. ఫీనీ పెన్సిలు ఆపి చూశారు. నేను అడుగు ముందుకు వేశాను. మిస్ లాత్రప్ చెప్పింది, మాట వస్తున్నప్పుడు మధ్యలో అందుకోవద్దని, అది గుర్తొచ్చి ఆగిపోయాను. డాట్ నోరు మూసుకుంది. ఆమె జీవితంలో నేను చూసిన ఒకే ఒక్కసారి అది.

“నే... నేను... కా... కాళ్ళు ముడుచుకుని పడుకుంటాను.”

కొత్త మనిషితో కోలీన్ మాట్లాడిన మొదటి మాట అది. ఆ సంగతి ఆయనకి తెలియదు. అయినా ఆయన తొందరపడలేదు. వంగి, పిల్ల కళ్ళలోకి చూసి అడిగారు.

“రోజూనా?”

“రో... రోజూ.”

ఫీనీ మంచాన్ని చూశారు, గుర్తుని చూశారు, పిల్ల బూట్లు ఎక్కడ ఆగాయో చూశారు. ఆ బూట్లకీ గుర్తుకీ మధ్య రెండు జానల ఎడం ఉంది. కాగితం మీద రాసి, నాకు చదవటం వచ్చా అని అడిగారు. వచ్చని చెప్పాను. అంత గర్వంగా ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. కాగితం నా చేతికిచ్చారు. “పిల్ల పూర్తిగా వెస్ట్ ఆర్డెన్‌లోనే నిద్రపోతోంది. స్వయంగా చూశాను,” అని ఉంది.

కేకు ముక్క కూడా అప్పుడు తీసుకున్నారు.

ఆ రోజు ఎల్మ్ రిడ్జ్ బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. ఎందుకని ఎవరడిగినా డాట్ ఇంజను మీద చెప్పింది. ఆర్విల్‌కి మాత్రం మనసు ఊరుకోలేదు. పై శనివారం రంపంతో వచ్చి మంచాన్ని కాళ్ళ వైపు పద్నాలుగు అంగుళాలు కోసి, మళ్ళీ అంతే అందంగా బిగించి ఇచ్చాడు. జనవరిలో రే ఇంటికొచ్చి, సంచి గుమ్మంలోనే దింపి, భోజనాల బల్ల ఉన్న చోట కురచ మంచం, దాని ముందు ఓడ తెర చూసి, తప్పు ఇంట్లోకి వచ్చానా అన్నాడు. నేను చెప్పబోయాను. కోలీన్ నన్ను ఆగమని చెయ్యి చూపించి, తనే చెప్పింది. మొత్తం కథ చెప్పటానికి సూపు చల్లారిపోయేంత సేపు పట్టింది. రే చెంచా కదపలేదు.

ఆ మే నెలలో ఒక పొద్దున వంటగదిలో బంగాళాదుంపలు చిదుముతున్నాను. రోజూ బడి మొదలవగానే మైకులో ఆనాటి భోజనం ఏమిటో ప్రిన్సిపాల్ చదువుతారు. ఆ రోజు మైకు చాలాసేపు బుర్రుమంది, ఎవరూ మాట్లాడలేదు. పాడైందేమోననుకున్నాం. తరవాత ఒక గొంతు వచ్చింది. “ఇ... ఇవాళ... చి... చికెన్.” మా నలుగురి చేతులూ ఆగిపోయాయి. “బ... బంగాళాదుంపలు. బ... బఠాణీలు.” ఐదు పదార్థాలకి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ నాలుగొందలమంది పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదని టీచర్లు చెప్పారు. చివర “ప... పాలు” అనగానే పైనున్న తరగతుల్లోంచి చప్పట్లు వినబడ్డాయి. కాసేపటికి మిస్ లాత్రప్ వంటగది గుమ్మంలో కనబడి, మెనూ సరిగ్గానే చదివిందా అని నన్నడిగింది. చేతులకి దుంపల ముద్ద ఉన్నా చూసుకోకుండా ఆమెని కౌగిలించుకున్నాను. స్వెట్టరు పాడైపోయింది.

కోలీన్ తొమ్మిదిన్నరేళ్ళు ఆ ముందు గదిలోనే పడుకుంది. పండగలకి మేం వంటింట్లో నిలబడి తిన్నాం, లేదా చర్చి నేలమాళిగలో మా బల్ల దగ్గరే కూర్చుని అందరితో కలిసి తిన్నాం. హైస్కూలు చదువు ముగిశాక, మా డిస్ట్రిక్టు ఆనవాయితీ ప్రకారం పట్టా పుచ్చుకునే పిల్లలంతా నీలం గౌన్లు వేసుకుని తాము మొదట చదువుకున్న బడి నడవలోంచి ఒకసారి నడిచారు. చిన్నపిల్లలు రెండువైపులా నిలబడి చప్పట్లు కొట్టారు. ఆర్విల్ అప్పటికే పదవీ విరమణ చేశాడు, అయినా టై కట్టుకుని వచ్చాడు. డాట్ బస్సు హారను కొట్టింది, బడి ఆవరణలో కొట్టకూడదని తెలిసీ. రే ఆ రోజు సుపీరియర్ సరస్సు మీదున్నాడు. వాడు తిరిగొస్తాడో రాడోనని నేను ముప్ఫై ఏళ్ళు భయపడ్డాను. ప్రతి జనవరికీ వచ్చాడు. ఇప్పుడు పదవీ విరమణ చేసి, పక్కగదిలో గురకపెట్టి నిద్రపోతున్నాడు. కోలీన్ రెండు వీధుల అవతల ఉంటుంది. మాట ఇప్పటికీ ఒక్కోసారి తట్టుకుంటుంది, అయినా ఆగదు.

ఈ వయసులో రోజూ పొద్దున కృతజ్ఞతలు చెప్పుకుంటాను, పేర్లు వరసగా తలుచుకుంటూ. మార్జ్, డాట్, ఆర్విల్, మోకాళ్ళ నొప్పుల ఫీనీ, వానలో గిన్నెలు మోసిన ఆడవాళ్ళు, ఆ రెండు నిమిషాలూ నవ్వని నాలుగొందలమంది పిల్లలు. నాకు బంధువులు కారు వీళ్ళు. ఒకే బడి చుట్టూ ఉన్నవాళ్ళు, అంతే.

మేమింత పాటుపడింది ఎవరి దగ్గర పిల్లని ఉంచటానికో ఆమె మాత్రం మా దగ్గర ఇంకొక్క ఏడాది కూడా లేదు. మైకులో మెనూ చదివించిన నెలకి, బడి సెలవులిచ్చాక, నెబ్రాస్కాలో తన తల్లికి ఒంట్లో బాగాలేదని, రెండు వారాల్లో వచ్చేస్తానని చెప్పింది. కోలీన్, నేను బస్సు స్టాండుకి వెళ్ళాం. ఆమె భద్రంగా వెళ్ళిందా లేదా అని నేనెప్పుడూ భయపడలేదు. అన్నీ సంబాళించుకునే మనిషని అనుకున్నాను. తల్లికి పక్షవాతం వచ్చిందని, ఇంకెవరూ లేరని ఆగస్టులో ఉత్తరం రాసింది. ఆ తరవాత ఏడు క్రిస్మస్ కార్డులు వచ్చాయి. మేం ప్రతిదానికీ జవాబు రాశాం, కోలీన్ ఒక పేజీ, నేను ఒక పేజీ.

మిస్ ఇమోజీన్ లాత్రప్ 1986 జూన్ పదహారో తేదీ సోమవారం మా ఊరినుంచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.